తివానాకుని ఒక్క రోజులో ఎలా చూడాలి: పాత రాయి ఏది, కొత్త గోడ ఏది

బొలీవియాలో లా పాజ్ నగరానికి పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 3,850 మీటర్ల ఎత్తున, చెట్టూ చేమా లేని పీఠభూమి మీద ఉంది తివానాకు. క్రీ.శ. 500 నుంచి 1000 దాకా టిటికాకా సరస్సు చుట్టుపట్ల ప్రాంతమంతా దీని పెత్తనం కిందే నడిచింది. 'ఇంకా' సామ్రాజ్యపు రాజులు 15వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చేసరికే ఊరు పాడుబడి నాలుగు వందల ఏళ్లు దాటింది. యునెస్కో 2000లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చూడ్డానికి వెళ్లేవాళ్లలో కొందరు "ఇంతేనా" అని పెదవి విరిచి వస్తారు. ఇంకొందరు ఎదురుగా కనిపించిన గోడనల్లా వెయ్యేళ్ల నాటిదే అనుకుని, దాని ముందు ఫొటోలు దిగి సంతోషంగా వస్తారు. ఇద్దరూ చూడాల్సింది చూడలేదు. ఇప్పుడు నిటారుగా నిలబడి ఉన్న గోడల్లో పెద్ద భాగం 1950ల చివర్లోనూ 60లలోనూ బొలీవియా పురావస్తువేత్త కార్లోస్ పోన్సె సాంగినెస్ ఆధ్వర్యంలో పేర్చినవి. ఆనాటి శిల్పుల పనితనం ఎక్కువగా కనిపించేది నేలమీద చెల్లాచెదురుగా పడి ఉన్న రాళ్లలో. ఏ వరసలో తిరగాలి, ఏ వెలుగులో ఏది చూడాలి, పాతదాన్నీ కొత్తదాన్నీ ఎలా విడదీయాలి అన్నది ముందే తెలిస్తే ఒక్క రోజు సరిపోతుంది.

బయల్దేరే ముందు: టీకా, ఎత్తు, నెల

ఇండియా నుంచి వెళ్లేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. తివానాకు అంత ఎత్తున ఆ జ్వరం మోసుకొచ్చే దోమ ఉండదు, కాబట్టి అక్కడ మీకు ప్రమాదం లేదు. కానీ మన ప్రభుత్వం లెక్క దేశాన్ని బట్టి ఉంటుంది, ఊరిని బట్టి కాదు. బొలీవియా ఆ జాబితాలో ఉంది. తిరిగొచ్చాక విమానాశ్రయంలో టీకా సర్టిఫికెట్ ఉండే పసుపురంగు పుస్తకం చూపించలేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం వాళ్లకుంది. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని వెళ్లండి. ప్రయాణానికి నెల ముందే ఈ పని ముగించుకోవడం మంచిది.

తర్వాతది ఎత్తు. లా పాజ్ విమానాశ్రయం ఎల్ ఆల్టోలో ఉంది, 4,000 మీటర్ల పైన. అంటే విమానం దిగిన క్షణమే మీరు తివానాకు కంటే ఎత్తున ఉంటారు. 3,850 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో 60 శాతం చిల్లర మాత్రమే. ఊపిరి ఎంత లోతుగా పీల్చినా లోపలికి వెళ్లే ప్రాణవాయువు తక్కువ. దిగిన మర్నాడే తివానాకు బయల్దేరడం అందరూ చేసే తప్పు. లా పాజ్‌లో కనీసం రెండు రాత్రులు గడపండి. నగరంలో దక్షిణపు పేటలు కొన్ని వందల మీటర్లు కిందికి ఉంటాయి. బస అక్కడ చూసుకుంటే నిద్ర బాగా పడుతుంది.

ఈ ఎత్తుకి డాక్టర్లు సాధారణంగా రాసేది అసిటజోలమైడ్ మాత్ర. పెద్దవాళ్లకి 125 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఎత్తుకి చేరడానికి ఒక రోజు ముందు మొదలుపెట్టి, చేరాక మరో రెండు రోజులు. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువసార్లు రావడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా వేసుకోకూడదు. మొదటి రెండు రోజులు మద్యం, నిద్రమాత్రలు మానేయండి. రెండూ రాత్రిపూట శ్వాసని మందగింపజేస్తాయి.

కాస్త తలనొప్పి, ఆకలి మందగించడం, మెట్లెక్కితే ఆయాసం ఉంటే విశ్రాంతి చాలు. కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, గీత గీసినట్టు తిన్నగా నడవలేక తూలుతున్నా, మాట తడబడుతున్నా అది వేరే సంగతి. అప్పుడు మాత్రలతో సర్దుకుపోదామని చూడకుండా వెంటనే ఆక్సిజన్ పెట్టించాలి, కిందికి దిగాలి. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషిని ఒంటరిగా గదిలో పడుకోబెట్టి మిగతావాళ్లు టూరుకి వెళ్లిపోకూడదు.

మే నుంచి సెప్టెంబరు దాకా వాన ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, రాత్రులు సున్నా డిగ్రీల కిందికి పోతాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు, బురద. జూన్ 21న ఇక్కడి స్థానికులైన ఐమారా ప్రజల కొత్త సంవత్సరం. ఆ తెల్లవారుజామున వేలమంది ఇక్కడ చేరి తొలి కిరణాలకి అరచేతులు చాస్తారు. ఉత్సవం చూడాలనుకుంటే ఆ రోజే రండి. రాళ్లు చూడాలనుకుంటే మాత్రం ఆ వారమంతా వదిలేయండి.

సంచిలో ఏముండాలి

నగదు, అదీ చిన్న నోట్లు. విదేశీయుల టికెట్టు కొన్నేళ్లుగా 100 బొలీవియానోలుగా ఉంది. మారినా ఇబ్బంది లేకుండా టికెట్టుకీ తిండికీ ప్రయాణానికీ కలిపి దానికి మూడింతలు దగ్గరుంచుకోండి. తలకి కట్టుకునే తాడున్న టోపీ తీసుకోవాలి, ఎందుకంటే మధ్యాహ్నం గాలి మామూలు టోపీని ఉండనివ్వదు. సన్‌స్క్రీన్, పెదవులకి రాసుకునే బామ్, రెండు లీటర్ల నీళ్లు. ఎండలో చొక్కా చాలు, నీడలోకి వెళ్తే స్వెటర్ కావాలి. అందుకని ఒకదానిమీద ఒకటి వేసుకుని విప్పుకునేలా బట్టలు సర్దుకోండి.

ఇవి ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనివి మరో రెండున్నాయి. ఒకటి చిన్న బైనాక్యులర్. ఒకే రాతిలో చెక్కిన సూర్యద్వారం చుట్టూ కంచె ఉంది, చెక్కడాలు దగ్గరగా చూడాలంటే ఇది తప్పదు. రెండోది, 19వ శతాబ్దంలో తీసిన తివానాకు ఫొటోలు నాలుగైదు ఫోన్‌లో దింపుకోవడం. అమెరికన్ యాత్రికుడు స్క్వయర్ కాలం నాటివీ, జర్మన్లు స్టూబెల్, ఊలె 1892లో అచ్చువేసినవీ తేలిగ్గా దొరుకుతాయి. కొత్త గోడ ఏదో తేల్చడానికి వీటిని మించిన సాక్ష్యం లేదు. అక్కడ సిగ్నల్ మీద ఆధారపడకుండా హోటల్లోనే దింపుకోండి.

దిక్కుల విషయంలో తెలుగువాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. విజయవాడ భూమధ్యరేఖకి ఉత్తరాన పదహారున్నర డిగ్రీల దగ్గరుంది. తివానాకు సరిగ్గా అంతే దూరంలో దక్షిణాన ఉంది. కాబట్టి సంవత్సరంలో చాలా భాగం మధ్యాహ్నం సూర్యుడు అక్కడ ఉత్తరం వైపు ఉంటాడు. నీడని బట్టి దిక్కు చెప్పే అలవాటున్నవాళ్లు ఉత్తర దక్షిణాలు తారుమారు చేసుకుంటారు. ఫోన్‌లో దిక్సూచి పెట్టుకోండి.

చేరుకోవడం

టూరు బస్సులు హోటల్ దగ్గరే ఎక్కించుకుంటాయి, గైడు ఉంటాడు, సుఖం. వాటితో చిక్కల్లా సమయమే. మ్యూజియంలో గంట, మధ్యలో భోజనం, చివర, కాస్త దూరంగా విడిగా ఉన్న పూమా పుంకు శిథిలాల దగ్గర పదిహేను నిమిషాలు. నిజానికి అక్కడే అన్నిటికంటే ఎక్కువసేపు ఉండాలి. ముగ్గురు నలుగురుంటే టాక్సీ మాట్లాడుకోవడం మేలు. "సాయంత్రం నాలుగు దాకా అక్కడే ఆగాలి" అని బేరం ముందే తేల్చుకోండి.

మినీబస్సులో వెళ్లాలంటే కేబుల్ కార్ ఎర్ర లైను ఎక్కి శ్మశానం స్టేషన్ దగ్గర దిగండి. స్పానిష్‌లో సెమెంతేరియో అంటారు. ఆ చుట్టుపక్కల వీధుల నుంచి తివానాకు బళ్లు బయల్దేరతాయి. సమయ పట్టిక ఏమీ ఉండదు, నిండితే కదులుతుంది. "తివానాకు ప్వెబ్లో?" అని అడిగి ఎక్కండి, అంటే ఊళ్లోకి వెళ్తుందా అని. పెరూ సరిహద్దు దేసాగ్వాదెరో వెళ్లే బళ్లు కూడా అదే దారిన పోతాయి, కానీ అవి హైవే మీద దింపేసి వెళ్లిపోతాయి. అక్కణ్నుంచి ఊళ్లోకి నడవాలి. ఆ ఎత్తున ఆ నడక అనవసరపు శ్రమ.

ప్రయాణం గంటన్నర నుంచి రెండు గంటలు. గురు, ఆదివారాల్లో ఎల్ ఆల్టోలో పెద్ద సంత జరుగుతుంది, ఆ రెండు రోజులూ ఊరు దాటడానికే ఆలస్యమవుతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, మంచుకొండల వరస అటే ఉంటుంది. దారిలో వచ్చే లాహా అనే పల్లె చిన్నదే గానీ, 1548 అక్టోబరు 20న లా పాజ్ నగరానికి స్పానిష్‌వాళ్లు మొదట ముహూర్తం పెట్టింది అక్కడే. తర్వాత చలిగాలి పడలేక లోయలోకి మారారు.

ఉదయం తొమ్మిదిన్నరకల్లా టికెట్ కౌంటర్ దగ్గర ఉండేలా చూసుకోండి. ఒకే టికెట్టుతో ప్రధాన శిథిలాలు, మ్యూజియాలు, పూమా పుంకు అన్నీ చూడొచ్చు. పూమా పుంకు గేటు దగ్గర మళ్లీ అడుగుతారు, టికెట్టు పారేసుకోవద్దు.

ముందు అకపానా ఎక్కండి

అందరూ మ్యూజియంతో మొదలుపెడతారు. మీరు దాన్ని మధ్యాహ్నానికి ఉంచుకుని పొద్దున్నే బయటికి నడవండి. అప్పుడు వెలుగు వాలుగా పడుతుంది, గాలి ఇంకా లేవదు, గుంపులు మ్యూజియంలో ఉంటాయి.

అకపానా దూరానికి మట్టిదిబ్బలా కనిపిస్తుంది. ఎత్తు 17 మీటర్ల చిల్లర, అడుగున ఒక్కో వైపు 200 మీటర్ల దాకా ఉంటుంది. ఏడు అంతస్తులుగా రాతి గోడలు కట్టి లోపల మట్టి నింపిన నిర్మాణం ఇది. ఆగి ఆగి ఎక్కండి. ఇరవై అడుగులు వేయడం, ఊపిరి సర్దుకోవడం, మళ్లీ ఇరవై. పైకి చేరాక ఉత్తరం వైపు తిరిగితే మిగతా కట్టడాలన్నీ పటం పరిచినట్టు కనిపిస్తాయి. ఎదురుగా పెద్ద చతురస్రంలా కలససాయా అనే గుడి ఆవరణ, దాని తూర్పున నేలలోకి దిగిన గుడి, వెనక్కి తిరిగితే నైరుతిలో దూరంగా పూమా పుంకు. ఇక్కడ ఐదు నిమిషాలు ఆగి ఈ పటం మనసులో పెట్టుకుంటే కింద దారి తప్పరు.

దిబ్బ నడినెత్తిన పెద్ద గుంట ఉంది. గుడి కోనేరని కొందరు గైడులు చెబుతారు. దాన్ని ఆ స్థితికి తెచ్చింది చాలావరకు వలస పాలన రోజుల్లో నిధుల కోసం తవ్వినవాళ్లే. ఆ తవ్వకంతో శిఖరం మీద అసలు ఏముండేదో చెప్పే ఆధారాలు పోయాయి. దిగేటప్పుడు పక్కల్లో మట్టి ఇటుకలు పేర్చిన భాగాలు కనిపిస్తే అవి ఈ శతాబ్దంలో చేసిన మరమ్మతు. అసలు రాతి కట్టడం అయితే దానికి మట్టి ఇటుకలు వాడతారా అని 2009లో గొడవ లేచి ఆ పని ఆగింది.

ఇక్కడ అసలైనవి చూడాలంటే దిబ్బ లోపలి నుంచి వాననీళ్లు బయటికి పంపే రాతి కాలవల కోసం వెతకండి. రాళ్ల అతుకు ఎంత బిగువుగా ఉందో చూడండి. పైన పడిన నీరు ఒక అంతస్తులో లోపలికీ, మరో అంతస్తులో బయటికీ వస్తూ దిగేలా కట్టారు. లోపల మట్టి ఉన్న ఇంత పెద్ద కట్టడం వానలకి జారిపోకుండా నిలిచింది ఈ ఏర్పాటు వల్లే.

నేలలోకి దిగిన గుడి

సుమారు 28 మీటర్లకి 26 మీటర్లు, రెండు మీటర్ల లోతు. ఎర్ర ఇసుకరాతి గోడల్లోంచి లేతరంగు మెత్తరాతితో చెక్కిన తలలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, మొత్తం 175 దాకా. రాయి మెత్తనిది కాబట్టి చాలా ముఖాలు అరిగిపోయాయి. పొద్దున వెలుగు పక్కనుంచి తగిలే గోడనే ఎంచుకుని చూడండి, నీడలో ఉన్న గోడ మీద ఏమీ తెలియదు. తలపాగాలు, పెదవులు, కళ్ల తీరు ఒకదానికీ ఒకదానికీ పొంతన ఉండదు.

పాతదీ కొత్తదీ విడదీయడం ఇక్కడ మొదలుపెట్టండి, ఎందుకంటే తేడా చిన్న జాగాలో తేటగా కనిపిస్తుంది. గోడలో కొంతదూరానికొకటిగా పెద్ద నిలువురాళ్లు ఉంటాయి. వాటి అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి, ఒక్కో రాయి ఒక్కో ఎత్తు. వాటి మధ్య ఖాళీల్లో చిన్న చిన్న రాళ్లు పేర్చి ఉంటాయి. నిలువురాళ్లు ఆనాటివి. మధ్య పేర్పులో చాలాభాగం 1960ల్లో నింపింది. తివానాకు శిల్పులు రాయిని రాయికి చెక్కి అతికించేవాళ్లు, కాబట్టి ఎక్కడైనా సిమెంటు కనిపిస్తే ఇక సందేహించక్కర్లేదు.

నడిమధ్యలో గడ్డంతో ఉన్నట్టు కనిపించే నిలువు విగ్రహం ఉంది. దాని పక్కనే 1932లో అమెరికన్ పురావస్తువేత్త వెండెల్ బెన్నెట్‌కి ఇంకో పెద్ద విగ్రహం దొరికింది. అది ఇప్పుడు మ్యూజియంలో ఉంది, మధ్యాహ్నం చూస్తారు.

గుడి నుంచి బయటికి రాకముందు పడమర వైపు తిరగండి. కలససాయా మెట్లు, వాటి పైన ద్వారం, ఆ ద్వారంలో సరిగ్గా మధ్యకి ఒక విగ్రహం కనిపిస్తాయి. విషువత్తు రోజుల్లో, అంటే పగలూ రాత్రీ సమానమైన మార్చి, సెప్టెంబరు రోజుల్లో, సూర్యుడు ఈ ద్వారానికి ఎదురుగా ఉదయిస్తాడు.

కలససాయా, సూర్యద్వారం

ఫోన్‌లో దింపుకున్న పాత ఫొటోలు ఇక్కడ బయటికి తీయండి. 19వ శతాబ్దపు ఫొటోల్లో కలససాయా అంటే ఎడం ఎడంగా నిలబడ్డ రాతి స్తంభాల వరసలే, గోడ కనిపించదు. స్క్వయర్ దీన్ని ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్‌తో పోల్చాడంటే కారణం అదే. ఈ రోజు ఆ స్తంభాల మధ్య సాఫీగా గోడ ఉంది. ఒక మూల నిలబడి ఫొటోని ఎదురుగా పట్టుకుని ఏ రాయి రెండింట్లోనూ ఉందో గుర్తుపట్టండి. పది నిమిషాల్లో కన్ను అలవాటు పడుతుంది, ఆ తర్వాత ఫొటో అక్కర్లేదు. పునర్నిర్మాణం తప్పని ఒక్కమాటలో కొట్టేయడానికి లేదు. ఆ గోడలే లేకపోతే మామూలు సందర్శకుడికి ఇది గుడి ఆవరణ అని కూడా తెలియదు. అయితే నిలువురాళ్ల మధ్య గోడ ఆనాడు ఇదే ఎత్తున, ఇదే తీరున ఉండేదన్న పూచీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. తూర్పు మెట్ల మీద మాత్రం కాళ్ల కిందికి చూడండి. ఒక్కో మెట్టూ నిండు రాయి, అడుగులకి అరిగి నున్నబడింది.

లోపల ద్వారానికి ఎదురుగా ఉన్నది పోన్సె విగ్రహం. 1957లో బయటపడింది, మూడు మీటర్లు. ఎడమ చేతిలో కెరో అనే పానపాత్ర, కుడి చేతిలో నస్యం పళ్లెం పట్టుకుని ఉంటుంది. చుట్టూ తిరిగి చూస్తే ఒంటి నిండా బట్టల నేతలాంటి సన్నని చెక్కడం ఉంది. భుజం మీద ఒక శిలువ గుర్తు కూడా కనిపిస్తుంది. అది స్పానిష్‌వాళ్ల రోజుల్లో చెక్కింది. నైరుతి మూల ఉన్న 'ఫ్రాయిలె' విగ్రహం నడుము పట్టీ మీద ఎండ్రకాయలు వెతకండి. గోడలో చెవి ఆకారంలో తొలిచిన రంధ్రం దగ్గర గైడులు మాటలు వినిపిస్తారు. సరదాగా ఉంటుంది, క్యూ ఉంటే మాత్రం ఆగకండి.

వాయవ్య మూల ఉన్న సూర్యద్వారం దగ్గరికి పదకొండున్నర ప్రాంతంలో చేరేలా నడవండి. చెక్కిన ముఖం తూర్పుకి ఉంది. తెల్లారి ఎండ దానికి ఎదురుగా కొట్టి చెక్కడాలని చదును చేసేస్తుంది. సూర్యుడు నెత్తి దగ్గరికి వచ్చినప్పుడు వెలుగు రాతి మీదుగా జారుతూ ప్రతి గీతకీ నీడ పెడుతుంది. మధ్యాహ్నం దాటితే ముఖమంతా నీడలోకి పోతుంది.

మూడు మీటర్ల ఎత్తు, దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు, పది టన్నుల ఆండెసైట్ అనే అగ్నిపర్వతపు రాయి. మొత్తం ఒకే రాయి. నెత్తి మీదుగా పగులు కనిపిస్తుంది. పడి, విరిగి ఉన్నదాన్ని తర్వాతి కాలంలో నిలబెట్టారు, ఇది దాని అసలు చోటు కాదు. అందుకే ఈ ద్వారంలోంచి ఫలానా రోజు సూర్యుడు కనిపిస్తాడనే మాటలని ఆధారంగా తీసుకోకండి. కలససాయా తూర్పు ద్వారం గురించి చెప్పింది వేరు, దాని పునాది కదల్లేదు.

బైనాక్యులర్‌తో ఇలా చూడండి. ముందు నడిమధ్య దేవుడు. రెండు చేతుల్లో దండాలు, తల చుట్టూ కిరణాలు, కొన్ని కిరణాల కొసల్లో జంతువుల తలలు. తర్వాత రెండు పక్కల పరివారం. ఒక్కో పక్క మూడు వరసలు, వరసకి ఎనిమిది చొప్పున మొత్తం 48 రెక్కల బొమ్మలు. పై వరసకీ కింది వరసకీ మనిషి ముఖాలు, మధ్య వరసకి పక్షి ముఖాలు. లెక్కపెడుతూ అంచుల వైపు వెళ్లండి. చివరి బొమ్మల చెక్కడం లోతు తగ్గిపోయి ఉంటుంది. పని పూర్తి కాలేదని చూడగానే తెలుస్తుంది.

మ్యూజియాలు, భోజనం

ఎండ నడినెత్తికి వచ్చాక లోపలికి వెళ్లండి. కుండల మ్యూజియంలో కెరో పాత్రలు చూడండి, పొద్దున విగ్రహం చేతిలో చూసింది ఇదే. రాతి మ్యూజియంలో ప్రధానమైనది బెన్నెట్ విగ్రహం. 7.3 మీటర్లు, ఇరవై టన్నుల దాకా బరువు, ఒకే ఎర్ర ఇసుకరాయి. 1933లో లా పాజ్‌కి తరలించారు. చాలా ఏళ్లు ఫుట్‌బాల్ స్టేడియం ముందు వాహనాల పొగలో, వానలో నిలబడి దెబ్బతిని, 2002లో సొంత ఊరికి తిరిగొచ్చింది. లోపల ఫొటోలు తీయనివ్వరు, కాబట్టి చెక్కడాల వివరం కళ్లతోనే చూసుకోవాలి. తల భాగం నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా కిందికి రండి.

భోజనానికి గేటు దగ్గర చిన్న హోటళ్లు ఉన్నాయి. చెరువు చేప, లామా మాంసం, కినోవా సూపు దొరుకుతాయి. శాకాహారులు "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అని మాత్రమే అంటే చాలదు. కార్నె అంటే వాళ్లకి ఎర్ర మాంసమే, కోడి ముక్కలు వేసి తెస్తారు. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని, అంటే మాంసం, కోడి, చేప లేకుండా అని మూడూ చెప్పండి. సూపు మాంసం నీళ్లతో కాచిందేమో విడిగా అడగండి, చాలాసార్లు అదే. ఉడికించిన బంగాళాదుంప, గుడ్డు, జున్నులాంటి చీజ్ మీద ఎవరికీ పేచీ ఉండదు. నల్లగా ముడుచుకుపోయిన దుంపలు పెడితే అవి 'చూన్యో'. రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు ఎండలో ఆరబెట్టి, కాళ్లతో తొక్కి నీరు పిండినవి. ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. పైరు ఎప్పుడు చలికి మాడిపోతుందో తెలియని ఈ చోట అంత పెద్ద పట్టణం బతికిందంటే ఇలాంటి నిలవ తిండి వల్లా, చుట్టూ కాలవలు తవ్వి ఎత్తు చేసిన మడిచెక్కల వల్లా. పగలు వేడెక్కిన కాలవ నీరు రాత్రి ఆ వేడి వదిలి పైరుని మంచు నుంచి కాపాడేది. కడుపు నిండా తినకండి, ఈ ఎత్తున అరుగుదల మందం.

పూమా పుంకు: కనీసం గంటన్నర

ప్రధాన ఆవరణకి నైరుతిగా సుమారు కిలోమీటరు దూరం. రెండున్నరకల్లా చేరితే పడమటి వెలుగు రాళ్ల లోపలి మూలల్లోకి పడుతుంది. ఇక్కడ గోడలు నిలబెట్టలేదు. రాళ్లు పడినవి పడినట్టే ఉన్నాయి, కొన్నింటిని మాత్రం వరసగా పేర్చి పెట్టారు. అందుకే ఇది ముఖ్యం.

ముందు తూర్పు అంచున పరిచిన ఎర్ర ఇసుకరాతి పలకల దగ్గరికి వెళ్లండి. అన్నింటికంటే పెద్దది 7.81 మీటర్ల పొడవు, 5.17 మీటర్ల వెడల్పు, మీటరు పైన మందం. బరువు అంచనా 131 టన్నులు. తర్వాత బూడిదరంగు ఆండెసైట్ రాళ్లు చూడండి, అవి చాలా చిన్నవి. ఈ తేడాలోనే రవాణా కథంతా ఉంది. ఇసుకరాయి దక్షిణాన పదికిలోమీటర్ల దూరంలోని కొండల నుంచి వచ్చింది, కాబట్టి బరువైనవాటిని తేగలిగారు. ఆండెసైట్ సరస్సు అవతలి నుంచి రావాలి, కాబట్టి తేగలిగిన పరిమాణంలోనే తెచ్చారు.

రెండో పని, ఇంగ్లీషు హెచ్ ఆకారపు రాళ్లని పక్కపక్కన పోల్చడం. ఎత్తు దాదాపు మీటరు. ఒకదాని లోపలి మూలలు, మెట్టు మెట్టుగా దిగిన గాడులు చూసి, పక్కదానిలో అదే చోట ఏముందో చూడండి. కొలతలు దగ్గర దగ్గరగా కలుస్తాయి. అంటే కొలబద్దో, అచ్చు నమూనానో పెట్టుకుని, మన ఇటుకబట్టీలో ఇటుకల్లా ఒకేరకం ముక్కలు చేసి ఆ తర్వాత కూర్చారు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో విరిగిన ముక్కల కొలతలతో చిన్న నమూనాలు త్రీడీ ప్రింటర్లో తీసి, వాటిని చేతులతో కలిపి చూసి కట్టడం రూపాన్ని ఊహించగలిగింది ఈ ఏకరూపత వల్లే.

మూడోది, రాళ్ల అంచుల్లో ఇంగ్లీషు ఐ ఆకారంలో తొలిచిన గుంటలు. రెండు రాళ్లు కలిసేచోట సగం గుంట ఇటు, సగం అటు ఉంటుంది. అందులో లోహపు బిగింపు పట్టీ ఉండేది. రాగిలో ఆర్సెనిక్, నికెల్ కలిసిన కంచు అది. కరిగించిన లోహాన్ని అక్కడికక్కడే గుంటలో పోసినట్టు పరీక్షల్లో తేలింది. ఇప్పుడు పట్టీలు లేవు. దిక్సూచిని రాతి మీద పెట్టి ముల్లు తిరగడం చూపించే గైడులు తారసపడతారు. ఆండెసైట్ అగ్నిపర్వతపు రాయి, అందులో మాగ్నటైట్ అనే అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం ఉంటుంది. ముల్లు తిరగడంలో వింత లేదు.

ఇక్కడే మీ చెవిన ఇది గ్రహాంతరవాసులు కట్టిందన్న మాటలు పడతాయి. మూడు జవాబులు దగ్గరుంచుకోండి. ఒకటి, "క్రీ.పూ. 15,000 నాటిది" అన్నది 20వ శతాబ్దం మొదటి భాగంలో ఆర్థర్ పోస్నాన్స్కీ అనే పరిశోధకుడు సూర్యుడి దిశల లెక్కతో చెప్పిన మాట. పూమా పుంకు దిబ్బ అడుగు పొరల్లోని సేంద్రియ పదార్థానికి చేసిన రేడియోకార్బన్ పరీక్ష క్రీ.శ. 536–600 మధ్య కాలాన్ని చూపింది. రెండు, "వజ్రం లేనిదే కోయలేని గ్రానైట్" అంటారు. ఇక్కడి రాళ్లు ఇసుకరాయి, ఆండెసైట్. గట్టి రాతి సుత్తులతో కొట్టి, ఇసుకతో రుద్ది చెక్కగలిగినవి. మూడు, పని ఆగిపోయిన రాళ్లు కళ్లెదుటే ఉన్నాయి. కొన్నింటి మీద ఒక ముఖం నున్నగా, ఇంకో ముఖం సుత్తి దెబ్బలతో గరుకుగా ఉంటుంది. అలాంటి రాయి ఒక్కటి వెతికి పట్టుకుంటే వాదన అక్కర్లేదు.

రాళ్లు ఎక్కకండి, అంచులు పట్టుకుని ఫొటోలు దిగకండి. ఇసుకరాయి పొరలు పొరలుగా రాలుతుంది, వేలితో తగిలించినా కొన్నిచోట్ల ఊడి వస్తుంది.

తిరుగు ప్రయాణం

బండి ఎక్కే ముందు పావుగంట ఉంటే ఊరి కూడలిలో చర్చి చూడండి. 1580లో మొదలై 1612లో పూర్తయింది. గోడల్లో రాళ్లు ఎక్కడివో ఇప్పటికి మీరే చెప్పగలరు, గుమ్మానికి రెండు పక్కలా తివానాకు విగ్రహాలే కాపలాకి నిలబెట్టారు. శిథిలాల దగ్గర రాళ్లు ఎందుకు తక్కువ మిగిలాయన్న ప్రశ్నకి సగం జవాబు ఈ కూడలిలోనే ఉంది.

మధ్యాహ్నం తగ్గేకొద్దీ బళ్లు తగ్గుతాయి, చివరివి నిండా జనంతో వస్తాయి. నాలుగున్నరకల్లా కూడలిలో ఉండండి. తప్పిపోతే హైవే దాకా నడిచి దేసాగ్వాదెరో నుంచి వచ్చే బండి ఆపుకోవాలి. ఎండ దిగిన అరగంటకే చలి ఎముకల్లోకి దూరుతుంది.

"పొలంలో దొరికింది" అంటూ పాత కుండ పెంకులో, చిన్న రాతి బొమ్మో ఎవరైనా చూపిస్తే కొనకండి. నకిలీ అయితే డబ్బు దండగ, అసలుదైతే దేశం దాటించడం నేరం. లా పాజ్‌లో తలనొప్పికి తాగిన కోకా టీ పొట్లాలు కూడా సంచిలో మిగిలి ఉంటే అక్కడే వదిలేయండి. బొలీవియాలో ఏ కిరాణా కొట్లో అయినా దొరికే ఆ ఆకు మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది, అమెరికాలోనూ నిషిద్ధమే. జాకెట్ జేబులు, కెమెరా సంచి అరలు కూడా విమానం ఎక్కే ముందే వెతుక్కోండి.